మత్తు డాక్టరుగారి కొత్త ఇంజక్షన్

మంగళవారం, అమలాపురం

మా నర్సింగ్ హోముకి వచ్చే మత్తు డాక్టరుగారు మందుల కంపెనీ ఖర్చుతో సింగపూర్ వెళ్ళొచ్చినప్పటి నుంచి ప్రతి పేషెంటుకీ ఆ కంపెనీ ఖరీదైన కొత్త ఇంజక్షనే రాస్తున్నారు. పలివెల నుంచి వచ్చిన కూలీమనిషి చేత కూడా అదే కొనిపించారు. "పాతదానికంటే మంచిదమ్మా," అంటారు. నర్సుని, నాకెందుకులే అని ఊరుకున్నాను.

రేపు మా అమ్మకి ఆపరేషన్. సాయంత్రం ఆయన కారెక్కుతుంటే అడిగాను. "మా అమ్మకీ ఆ కొత్తదే తెప్పించమంటారాండి?"

ఆయన నవ్వారు. "ఎందుకమ్మా డబ్బు దండగ? మనవాళ్ళకి పాతదే చాలు. నా బ్యాగులో ఉందిలే."

"ఆయ్, సరేనండీ," అన్నాను. హమ్మయ్య అనుకున్నాను కూడా.

రాత్రి అన్నం కలుపుతుంటే తట్టింది. పాతది మంచిది కాకపోతే అమ్మకెలా ఇస్తారు? మంచిదే అయితే...

రేపు అమ్మ తరువాత ఆపరేషన్ బల్ల ఎక్కేది ముమ్మిడివరం నుంచి వచ్చిన ఆవిడ. ఆవిడ కొడుకు చేతికి కొత్త ఇంజక్షన్ రాసిన మందుచీటీ ఇవ్వాల్సింది నేనే.