నీ పేరు ఉండాల్సిన చోట

అక్కా,

నువ్వు పోయి ఈరోజుకి మూడేళ్లు. పొద్దున్నుంచి ఒక్కచోట కూర్చోలేకపోతున్నాను.

నిన్న నా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న స్వప్న తన థీసిస్‌లో ఒక అధ్యాయం తెచ్చింది. మెట్టుగూడ రైల్వే క్వార్టర్లలో ఆడవాళ్లు మాట్లాడే తెలుగు గురించి. నువ్వు రెండేళ్లు ఇల్లిల్లూ తిరిగి రికార్డు చేసి నీ వ్యాసంలో రాసిన మాటలన్నీ అందులో ఉన్నాయి. ఎక్కడివని రాసిన చోట మాత్రం, వాటిని తర్వాత తన పుస్తకంలో వేసుకున్న మీ ప్రొఫెసర్ పేరుంది.

"ఇదంతా మా అక్క వ్యాసంలోది కదమ్మా?" అన్నాను.

"అందరూ సార్ పుస్తకమే చూపిస్తరు మేడమ్. మీ అక్క పేరు నాకెక్కడా కనవడలే."

నేనెలా రాశానో చూపిద్దామని కోపంగా ఇంటికొచ్చి నా థీసిస్ తీశాను. నేనూ ఆయన పేరే రాశాను, అక్కా. పెద్దాయన పేరుంటే పరీక్షకులు వంక పెట్టరనుకున్నాను. ఆ ప్రూఫులు దిద్దింది నువ్వే. ఆ పేజీ చదివే ఉంటావు. "తప్పులేం లేవే, బాగా రాశావు" అని ఇచ్చేశావు.

ఇందాక స్వప్నకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను.

"మీ అక్క పేరు రాస్త మేడమ్. ఇనీషియల్స్ సరిపోతయా?" అంది.

"వద్దు, పూర్తి పేరు రాయి. ఇనీషియల్స్ చూస్తే మగవాడనుకుంటారు."

ఒక్కో అక్షరం పలికి రాయించాను.

లైబ్రరీలో ఉన్న నా థీసిస్‌లో మాత్రం ఇప్పుడు నీ పేరు చేర్చడానికి వీల్లేదట. పొద్దున్నే వెళ్లి అడిగొచ్చాను.