నోట్లో పెట్టని రొట్టె

చిల్లకల్లు

ఆదెమ్మకు,

నేను బతికే ఉన్నాను. ఈ కాయితం మన అమ్మాయి గ్రేసీ చేత చదివించుకోకు, పచ్చి బాలింత, బెదిరిపోద్ది. నువ్వే కూడబలుక్కో. ఫోన్ ఎత్తడం లేదని తిట్టావంట. ఎత్తి ఏం మాట్లాడను? నా నోరు తెరుచుకోవడం లేదు. చెవి ముందు టక్కుమని ఏదో పట్టేసింది. వేలు కూడా దూరట్లేదు. జావ తాగి ఉంటున్నా.

మన వీధి పుల్లమ్మ మొగుడికీ ఇలాగే మొదలైంది. చివరికి క్యాన్సరని దవడ కోసేస్తే, మంచినీళ్లు కావాలని పలక మీద రాసి అడిగేవాడు. కళ్లు మూస్తే ఆ పలకే కనబడుతోంది. నేనూ చుట్ట కాల్చినవాణ్ణే. ఆసుపత్రికి మాత్రం రాను. నన్ను నా దవడతోనే పూడ్చండి.

ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల దగ్గర రొట్టె అందుకున్నా. అందరి ముందు నోట్లో కుక్కుకోలేక జేబులో వేసుకున్నా. తమ్ముడు రత్నబాబుతో చేను గట్టు తగాదా ఉందిగా, వాడి మీద పగ పెట్టుకుని రొట్టె తినకూడదనే మానేసానంటున్నారు. అననీ. భయపడ్డాడనే మాట కంటే అదే నయం.

నీ మొగుడు
ఆశీర్వాదం


చిల్లకల్లు

ఆదెమ్మా,

మొన్న పొద్దున్నే రత్నబాబు గుమ్మంలో నిలబడ్డాడు. "అన్నా, గట్టు నువ్వే తీసుకో. నా మూలాన బల్లకి దూరం అవ్వొద్దు" అన్నాడు. నేను పలకలేదు. ఎలా పలకను? ఇంకా కోపమే అనుకుని కాళ్లు పట్టుకున్నాడు. ఇక తప్పక వాడి చెయ్యి నా దవడ మీద పెట్టుకుని చూపించా. అప్పటికప్పుడు బండి తీసాడు.

నందిగామలో పళ్ల డాక్టరమ్మ ఫొటోలు తీయించి, క్యాన్సర్ కాదంది. చెవి ముందు కీలులో మెత్తటి బిళ్ల జారి ఇరుక్కుందంట. విజయవాడ పంపింది. అక్కడ కొయ్యలేదు. తిమ్మిరి మందిచ్చి, కీలులోకి రెండు సూదులు గుచ్చి, ఒకదాంట్లోంచి సెలైన్ పంపి రెండోదాంట్లోంచి బయటికి తీసి కడిగారు. చెవి పక్కనే నీళ్లు పారుతుంటే రత్నబాబు చెయ్యి నలిపేసా. నేను వణకడం చూసినవాడు వాడొక్కడే.

"తాతగారూ, నోరు తెరవండి" అన్నాడు డాక్టరు. తెరవలేదు. తెరుచుకోకపోతే? మళ్లీ ఆ పలకే. రత్నబాబు, పసిపిల్లకి గోరుముద్ద పెట్టేవాడిలా, తన నోరు బార్లా తెరిచి చూపించాడు. నాదీ మెల్లగా తెరుచుకుంది.

మొదటి మాట వాడితోనే అన్నా. "గట్టు ఎవడిక్కావాలిరా, వెధవా."

వాడు ఏడ్చాడు.

కొన్నాళ్లు మెత్తనివే తినాలంట. జేబులో రొట్టె ఎండిపోయింది. పారెయ్యకూడదుగా. పాలల్లో నానబెట్టి ఇద్దరం చెరిసగం తిన్నాం.

ఫోన్ చెయ్యి, ఎత్తుతా.

ఆశీర్వాదం