నా ఓటు పట్టుకుపోయినవాడు

ఆదివారం రాత్రి

నేను పోశమ్మను. డెబ్బై రెండేళ్లు. గోదావరిఖని బొగ్గుబాయి కాలనీలో మనవరాలు స్వప్నతో ఉంటాను. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే అది రాస్తోంది.

మా నాయకుడి కోసం ఎన్నికలప్పుడు పక్కింటి మల్లక్కతో కొట్లాడి మాట మానేశాను. ఆమె మోకాలి ఆపరేషన్‌కు కూడా నేను వాళ్ల గడప తొక్కలేదు. మా ఓట్లతో గెలిచి, ఇవాళ ఆయన మల్లక్క పార్టీ కండువానే కప్పుకున్నాడు.

ఫోన్‌లో అమెరికా బాస్కెట్‌బాల్ చూస్తూ స్వప్న నవ్వింది. "వీళ్లు గూడ టీం మారుతరవ్వా."

"మారితే, ఏసిన పాయింట్లు పాత టీంకే ఇడిసిపోతరు గదనే! వీడు నా ఓటు గూడ పట్టుకపోయిండు."

మల్లక్కను మాత్రం వాడు తీసుకుపోలేదు. నేనే పోగొట్టుకున్నాను.

ఇది నా వేలిముద్ర. వేలిముద్రకు ఇద్దరు సాక్షులుండాలి. ఒక సాక్షి స్వప్న. రెండో సాక్షి చోటు ఖాళీగా ఉంచమన్నాను. పొద్దున మల్లక్క గడప తొక్కి అడుగుతాను. సంతకం పెడుతుందో, లేదో...