ఆ పిలుపు కత్తిరించకు

ఒరే చిన్నోడా,

ఫోన్లో అయితే చెప్పలేనని ఇలా రాస్తున్నాను. మీ బాబాయి పోయినా ఆయన కుట్టుమిషన్ రిపేరు వీడియోలు వెతికేవాళ్ళకి దొరకాలని నువ్వు పడే తాపత్రయం చూస్తే ముచ్చటేస్తోంది. "మిషన్‌లో దారం తెగుతోందా?" అని ఒక వీడియోకి పేరు మార్చావు, బాగుంది, జనం అలాగే అడుగుతారు. ఆయన మాటలన్నీ కింద అక్షరాల్లో వేశావు, అదీ బాగుంది.

ఆ వీడియో మొదట్లో ఆయన "ఏమేవ్, లైటు కాస్త ఇటు పట్టు" అని నన్ను పిలిచే ముక్క తీసేస్తానన్నావే, అది మాత్రం వద్దురా. ఎవరో రోజూ మళ్ళీ మళ్ళీ తెరిచి అక్కడికే మూసేస్తున్నారనీ, అందుకే మన షాపు వెబ్‌సైట్ వెతుకులాటలో వెనకబడుతోందనీ బుర్ర బద్దలు కొట్టుకోకు.

ఆ ఎవరో నేనే. షాపు తెరవగానే ఆ పిలుపు వింటాను, "వస్తున్నా" అంటాను, ఆపేస్తాను. మిగతా పని నాకు తెలిసిందేగా, ఆ రిపేర్లు ఇప్పుడు చేస్తున్నది నేనే.

నీ లెక్క చెడుతుందంటే రేపట్నుంచి చివరిదాకా చూస్తాలే. చివర్లో ఆ మనిషి "ఇక ఉంటానండీ" అంటూ లైటు ఆర్పేస్తారు. అది చూడలేకే ఇన్నాళ్ళూ ముందే ఆపేశాను.

మీ పిన్ని