చేతుల మీద నీళ్లు

అన్నా,

చిన్నదొరా అంటే పలకనన్నావు కదా, అందుకే ఇలా పిలుస్తున్నాను. నువ్వు నేర్పిన అక్షరాలే ఇవి. రజాకార్ల తూటాకు నువ్వు పోయి ఏడాదైంది. నైజాం కూడా పోయింది. ఇవాళ మన ఊరి పిల్లను పొరుగూరికి ఇచ్చాం. కాలువ నీళ్ల కోసం మనతో కర్రలతో కొట్టుకున్న ఊరే. నకిరేకల్ నుంచి బెల్లం తెచ్చి పరమాన్నం వండాం.

మీ గడీలో నువ్వు తిని చేతులు చాపితే చెంబుతో నీళ్లు పోసేవాణ్ణి నేను. మా దళంలో చేరిన మొదటిరోజు కూడా తుపాకి పక్కన పెట్టి, జొన్న గట్క తిని, అలవాటుగా చేతులు చాపి కూర్చున్నావు. అందరం నవ్వాం. నువ్వూ నవ్వి, చెంబు తీసుకుని మా చేతుల మీద పోశావు. పోయడం రాక కాళ్లు కూడా తడిపావు.

తర్వాత ఈ రెండూళ్ల నీళ్ల తగువు తీర్చడానికి దళం నిన్నే పంపింది. ముందు అందరినీ ఒకే బంతిలో కూర్చోబెట్టి, తిన్నాక నువ్వే నీళ్లు పోశావు. దొరబిడ్డ వంగి నీళ్లు పోస్తుంటే తిట్టుకోవడానికి ఎవరికీ నోరు రాలేదు.

ఇవాళ బంతి లేచేసరికి చెంబు పట్టుకుని మీ అమ్మ నిలబడి ఉంది. గడీ దాటి ఎరుగని దొరసాని. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

“నేను కడుక్కుంట దొరసానీ.”

“చాపు బిడ్డా. నా కొడుక్కు గన్నేండ్లు పోసినవ్. ఇయ్యాల నన్ను పొయ్యనియ్యి.”

చాపాను. నా కాళ్లూ ఆమె కాళ్లూ తడిశాయి.

“అన్న గూడ గిట్లనే పోసిండు,” అన్నాను.

వియ్యంకులు తిరిగి చూసేంత గట్టిగా నవ్వి, మీ అమ్మ పక్కవాడి చేతుల మీదికి చెంబు వంచింది.