అమ్మతో క్యోటోకి రెండు రోజులు

నగోయా,
అక్టోబరు 2

ప్రియమైన అక్కకి,

నీ ఫోనుకి పంపిన సందేశాలు మూడు వారాలుగా నువ్వు చూడనే లేదు. ఉత్తరం రాస్తే తప్ప మీ అక్క పలకదని బావగారు ఎప్పుడో చెప్పారు. ఆయనే గెలిచారని చెప్పు.

నవంబరు పదహారు, పదిహేడు సెలవు దొరికింది. మా క్లినిక్ దంతవైద్యుడు మొహం ముడుచుకునే ఇచ్చాడు. పదహారుకి అమ్మ పోయి సరిగ్గా ఏడాది. అక్కడి పెద్ద గుడికి అమ్మను తీసుకెళ్ళాలని నువ్వు వేసవి నుంచీ అంటున్నావు కదా, ఎలాగూ అంతదూరం వెళ్తున్నాం, ఊరు కూడా చూద్దాం. మనిద్దరం కలిసి యాత్ర చేసి ఎన్నేళ్ళయింది? అసలు ఎప్పుడైనా చేశామా?

నేను అంతా ప్లాను వేసి పెట్టాను. పదింటికి క్యోటో స్టేషనులో కలుస్తాం. పదిన్నరకి అద్దె కిమోనో దుకాణం. జడ కూడా వాళ్ళే వేస్తారు. పన్నెండింటికి నిషికి బజారులో తింటూ నడవడం. అక్కడ పిల్ల ఆక్టోపస్‌ని ఎర్రగా వండి, తలలో పిట్టగుడ్డు కూరి, పుల్లకి గుచ్చి అమ్ముతారు. అది తినకుండా వస్తే క్యోటో వెళ్ళినట్టే కాదని మా క్లినిక్‌లో అమ్మాయిలు అంటున్నారు. తర్వాత తేయాకు ఐస్‌క్రీమ్, కియోమిజు గుడి మెట్లు, ఫొటోలు. మూడూ నలభైకి పెద్ద గుడి. రెండో రోజు అరషియామాలో వెదురుతోపు, పడవ. విడిగా ఒక కాగితం మీద గంటలవారీగా రాసి పెడుతున్నాను.

ఏమంటావు? ఔనను.

నీ చెల్లి
చిగుసా


ఎచిజెన్,
అక్టోబరు 7

చెల్లెలు చిగుసాకి,

ఉత్తరం అందింది. ఇక్కడ కోతలు అయిపోయాయి. నాకు మోకాలు కాస్త నొప్పి. తక్కినదంతా మామూలే.

మీ బావగారు నీ గంటల కాగితం చదివి, ఇది యాత్రా, మిలటరీ కవాతా అన్నారు. నాకు నవ్వు రాలేదు.

తలలో గుడ్డు కూరిన ఆక్టోపస్ సంగతి చదివాక ఆ పూట అన్నం సహించలేదు. అద్దె కిమోనో ఇంకా నయమనుకున్నావా? ఊరూ పేరూ తెలియని నూరుమంది మెడల చెమట పీల్చిన బట్ట అది. ఆ బట్ట కట్టుకుని, వేళ్ళకి ఐస్‌క్రీమ్ కారుతుండగా, చంకలో అమ్మ జాడీతో మనం ఫొటో దిగాలి. కళ్ళు మూసుకుని ఒక్కసారి ఊహించుకో. నేను ఊహించుకున్నాను.

ఆ జాడీలో ఏముందో గుర్తుచేయాల్సి వస్తుందనుకోలేదు. దహనశాలలో మనిద్దరం చెరో జత పుల్లలు పట్టుకుని అమ్మ గొంతు ఎముకను కలిసి ఎత్తాం. చేతులు జోడించి కూర్చున్న బుద్ధుడిలా ఉందని అక్కడి ఆయన చూపిస్తే నువ్వు ఏడ్చావు. మన ఊళ్ళో సమాధులు కట్టుకునే అలవాటు లేదు. మిగిలినదంతా అక్కడే వదిలేసి, ఈ ఒక్క ఎముకనే తెచ్చుకుంటాం. ఏడాది ఇంట్లో బుద్ధుడి పూజ అరలో ఉంచి, తర్వాత పెద్ద గుడిలో అందరివాటితో కలుపుతాం. అమ్మ అంటూ మిగిలింది అంతే. నువ్వు దాన్ని ఐస్‌క్రీమ్‌కీ పడవకీ మధ్య ఇరికించావు.

ఇంకొకటి. గుడికి ఫోను చేసి కనుక్కున్నాను. ఎముకలు తీసుకునే కౌంటరు మూడున్నరకి మూసేస్తారు. నువ్వు మూడూ నలభై అని రాశావు. గంటలు లెక్కపెట్టి రాసినదానివి, ఆ ఒక్కటీ కనుక్కోలేకపోయావా?

గుడికి ముందు వెళ్దాం. తర్వాత నీ ఇష్టం.

అక్క
కియోనో


నగోయా,
అక్టోబరు 13

ప్రియమైన అక్కకి,

తిట్టావు, పడ్డాను. ఆక్టోపస్ తీసేశాను. కిమోనో కూడా తీసేశాను, కాకపోతే అవి ఉతికే ఇస్తారు, అంత అన్యాయం అనకు.

గుడి సంగతే మళ్ళీ ఆలోచిస్తున్నాను. ఏడాదికే కలిపేయాలని రాసిపెట్టి ఉందా? మన వీధిలో ఇవాసా గారు వాళ్ళ అత్తగారిని మూడేళ్ళు ఇంట్లోనే ఉంచుకున్నారు, ఎవరూ ఏమీ అనలేదు. ఈసారికి ఊరు చూసి వద్దాం. గుడికి వసంతంలో వెళ్దాం, అప్పటికి నీ మోకాలూ నయమవుతుంది. గుడి ఉన్న ఆ గుట్ట ఎక్కడం ఇప్పుడు నీవల్ల కాదు.

నువ్వు తప్పక జాడీ తెస్తానంటే, తిరిగేటప్పుడు మోసుకోనక్కర్లేదు. స్టేషనులో తాళం అరలుంటాయి. మెత్తటి తువ్వాలు చుట్టి అందులో పెట్టేస్తే సాయంత్రం దాకా క్షేమంగా ఉంటుంది. రెండో రోజు టైము మిగిలితే చూద్దాం.

కోప్పడకు.

నీ చెల్లి
చిగుసా


ఎచిజెన్,
అక్టోబరు 17

చిగుసాకి,

తాళం అర.

పక్క అరలో ఎవరి తడి గొడుగో, ఎవరి మురికి బట్టల సంచో ఉంటుంది. మధ్యలో అమ్మ. మనం వెదురుతోపులో.

నీ ఉత్తరం మీ బావగారికి చూపించలేదు. చూపించడానికి నాకే సిగ్గయింది. మడిచి, బుద్ధుడి అర ఉన్న గదిలో కాకుండా వంటింట్లో పెట్టాను. అమ్మ ఉన్న గదిలో ఆ కాగితం ఉండటం నాకు ఇష్టం లేకపోయింది.

ఈ నెల ఇరవై ఎనిమిదిన నేనొక్కదాన్నే వెళ్ళి వస్తాను. గుడిలో పేరు రాయించాను. నాన్నప్పుడు వెళ్ళింది నేనే, దారి తెలుసు. నువ్వు రానక్కర్లేదు. ఊరు చూడాలనుంటే నీ స్నేహితులతో వెళ్ళు.

నీ మీద నాకు కోపం లేదు. కోపమైతే రెండు రోజుల్లో పోయేది. ఇది అసహ్యం. ఈ మాట రాయడానికి రెండుసార్లు కలం కింద పెట్టాను, అయినా వేరే మాట దొరకలేదు.

కియోనో


నగోయా,
అక్టోబరు 20
ఎక్స్‌ప్రెస్ పోస్టు

అక్కా,

ఇరవై ఎనిమిదిన వెళ్ళకు. నీ కాళ్ళు పట్టుకుంటాను. ముందు ఇది చదువు.

మూడూ నలభై నేను కావాలనే రాశాను. కౌంటరు మూసేస్తారని నాకు తెలుసు. తలుపు దాకా వెళ్ళి, అయ్యో మూసేశారే అని జాడీ వెనక్కి తెద్దామనుకున్నాను. నువ్వు ఫోను చేస్తావని నాకు తట్టలేదు. తాళం అర అంటే నీకు ఒళ్ళు మండి యాత్రే మానేస్తావనుకున్నాను. ఒక్కదానివే వెళ్తానంటావని అస్సలు అనుకోలేదు. అమ్మను నేను తాళం అరలో పెట్టేదాన్ని కాదు, నమ్ము.

నీకు చెప్పనని అమ్మకి మాట ఇచ్చాను. ఆ మాట ఇప్పుడు తప్పుతున్నాను.

పోవడానికి పది రోజుల ముందు, నువ్వు ఆసుపత్రి నుంచి బట్టలు తేవడానికి ఇంటికి వెళ్ళినప్పుడు, అమ్మ నన్ను దగ్గరికి రమ్మంది. నాన్నకి క్యోటోలో ఇంకొకావిడ ఉండేదట. నెలనెలా తలుపులకి అతికించే కాగితం అమ్మడానికని వెళ్ళి మూడు రోజులు ఉండేవాడు చూడు, ఆ మూడు రోజులూ ఆవిడ దగ్గరే. అమ్మకి మొదటినుంచీ తెలుసు. మన ఇంట్లో స్నానానికి అందరం ఒకే తొట్టి వేడినీళ్ళలో దిగేవాళ్ళం, ముందు నాన్న, చివర అమ్మ. నాన్న క్యోటో నుంచి వచ్చిన రోజు మాత్రం ఆయన తొట్టిలోంచి లేవగానే అమ్మ ఆ నీళ్ళు వదిలేసి, తొట్టి తోమి, మళ్ళీ నింపి మనల్ని దింపేది. కాగిన నీళ్ళు పారబోసే కోడలని నాన్నమ్మ ఊరంతా చాటింది. అమ్మ ఒక్కసారీ బదులు చెప్పలేదు. ఎందుకు పారబోసేదో నాకు ఆ రోజే తెలిసింది.

అప్పుడు అమ్మ అన్న మాట ఇది, ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "నన్ను ఆ గుడికి పంపకండే. అక్కడ అందరినీ ఒకటిగా కలిపేస్తారట. ఆయన ఎముకతో నా ఎముక కలిపేస్తారు. మళ్ళీ తీయడానికి కూడా ఉండదు."

అక్కకి చెప్దామమ్మా అంటే నా మణికట్టు పట్టుకుంది. "దానికి చెప్పకు. అది రోజూ పొద్దున్నే కూర్చుని మీ నాన్న కోసం దణ్ణం పెట్టుకుంటుంది. దాని భక్తి నేను చెడగొట్టలేను."

నేను మరి ఏం చెయ్యను? ఒకపక్క నువ్వు, ఒకపక్క అమ్మ.

ఊరు చూడటం మాత్రం అబద్ధం కాదు. అంత ఏముందో ఆ ఊళ్ళో, ఒక్కసారి చూడాలనుండేది అని అమ్మ నవ్వింది. నలభై ఏళ్ళు నాన్న వెళ్ళాడు, అమ్మను ఒక్కసారి తీసుకెళ్ళలేదు. జాడీ నా సంచిలో పెట్టుకుని ఆ బజారూ ఆ మెట్లూ అన్నీ తిప్పి, మళ్ళీ ఇంటికి తెచ్చేద్దామనుకున్నాను. చెత్త తిండి అయినా సరే, అమ్మ ముందు తిందామనుకున్నాను.

పేరు కొట్టించెయ్ అక్కా. ఒకసారి కలిపితే అయిపోతుంది.

చిగుసా


ఎచిజెన్,
అక్టోబరు 24

ప్రియమైన చిగుసాకి,

ఇరవై ఎనిమిదికి రాయించిన పేరు తీయించాను. ముందుగా అది తెలుసుకో.

నీకు రాసిన ఆ అసహ్యం అన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను. అది నీకు చెందదు.

నాన్న సంగతి నాకు తెలుసు. ఆయన పోయిన నెలకి కాగితం నమూనాల పెట్టె సర్దుతుంటే అడుగున ఆవిడ ఉత్తరాలు దొరికాయి. రెండు చదివి వెళ్ళి చేతులు కడుక్కున్నాను, సబ్బు పెట్టి మోచేతుల దాకా. మూడోది విప్పలేదు. అన్నీ పొయ్యిలో వేసి, కవరు మీది చిరునామా ఒక్కటి ఉంచాను. ఎందుకు ఉంచానో అప్పుడు తెలియదు.

ఏడాది తిరిగాక నాన్న గొంతు ఎముక తీసుకుని పెద్ద గుడికి వెళ్ళాను. నువ్వు అప్పుడు కాన్పుకి ఉన్నావు. కాగితం నింపాను. పేరు, పోయిన తేదీ, మన ఊరి గుడి పేరు. కుర్ర సన్యాసి రెండు చేతులూ చాచాడు. ఆయన వెనక పళ్ళెంలో అలాంటి జాడీలు పదో పన్నెండో ఉన్నాయి. అన్నిటినీ కలుపుతారు. అమ్మ వంతు వచ్చినప్పుడు అమ్మ కూడా ఇక్కడికే రావాలి అనుకున్నాను. ఒంట్లో బాగాలేదని చెప్పి జాడీ సంచిలో పెట్టుకుని బయటికి వచ్చేశాను.

ఆ చిరునామాకి వెళ్ళాను. అద్దకం పనివాళ్ళ వీధి వెనక సందు. ఆవిడ పేరు తోకి. అరవై ఉంటాయి. ఊరగాయకి ఆకుకూర కడుగుతోంది. నన్ను చూసి ఎవరని అడగలేదు.

"పెద్దమ్మాయివి కదూ," అంది. "చెవులు ఆయనవే."

ఆ తర్వాత ఏళ్ళ తరబడి జుట్టు చెవుల మీదికి దువ్వుకున్నాను. నీకు గుర్తుండే ఉంటుంది, ముసలమ్మ జడ అని ఏడిపించేదానివి.

జాడీ గుమ్మంలో పెట్టాను. ఇది మీకు చెందింది, మా ఇంట్లో దీనికి చోటు లేదు అన్నాను. ఆవిడ నడుముకి కట్టుకున్న గుడ్డకి చేతులు తుడుచుకుంది, మళ్ళీ తుడుచుకుంది, అప్పుడు తీసుకుంది. ఎత్తి చూసి, "ఇంత తేలికయ్యాడా," అంది. టీ తాగమంది. తాగలేదు. ఆవిడ కళ్ళల్లో సంతోషం కనిపించింది. ఆ ఇంటి నుంచి స్టేషను దాకా ఎలా నడిచానో నాకు తెలియదు. ఆ తర్వాత ఆ ఎముక ఏమైందో అడగలేదు. ఆవిడ ఉందో లేదో కూడా తెలియదు.

చేసిన ఆ పని మీద నాకు అసహ్యం లేదు చిగుసా. అసహ్యమంతా దాని తర్వాతి దాని మీద.

ఇంటికి రాగానే అమ్మ అడిగింది, పెట్టేశావా అని. పెట్టేశాను అన్నాను. గుడికి పెద్దకూతుర్ని పంపితే పని అలా అయిందని అమ్మకి ఎలా చెప్పను? చెప్తే ఆవిడ సంగతి కూడా చెప్పాలి. అమ్మకి ఏమీ తెలియదనుకున్నాను. తెలియకుండానే పోనీ అనుకున్నాను.

అమ్మ ఇంకో మాట అడిగింది.

"అందరితో కలిపేస్తారా?"

"కలిపేస్తారు," అన్నాను.

అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. చాలాసేపు రాలేదు. నాన్న కోసం ఏడుస్తోందనుకుని నేను లోపలికి వెళ్ళలేదు.

ఇరవై రెండేళ్ళు, చిగుసా. రోజూ పొద్దున నేను ఆ అర ముందు కూర్చుని అమిద బుద్ధుడి పేరు తలుచుకుంటూ ఆ అబద్ధానికి క్షమించమని అడిగాను. వెనకాల కూర్చున్న అమ్మ, అది నాన్న కోసమనుకుని గౌరవించింది. నా భక్తిని కాపాడటానికి అమ్మ నోరు కుట్టుకుంది. అమ్మ మనసు కాపాడటానికి నేను కుట్టుకున్నాను. ఒకే గదిలో. చివరి పది రోజులు అమ్మ ఏ చోటికి భయపడిందో ఆ చోట భయపడాల్సింది ఏమీ లేదు. నేను ఒక్క మాట చెబితే అయిపోయేది.

నీ ఉత్తరం చదివిన రోజు పొద్దున ప్రార్థనకి కూర్చోలేకపోయాను. మీ బావగారే దీపం పెట్టారు. మర్నాడు ఆయనకి అంతా చెప్పాను.

పదహారున వస్తాను, పదింటికి. మొదటి రోజంతా అమ్మను నువ్వు తిప్పు. జాడీ నీ సంచిలోనే ఉండనీ. నువ్వు ఎక్కడికంటే అక్కడికి వస్తాను, ఏది పెడితే అది తింటాను. రెండో రోజు పడవ మానేసి గుడి తెరిచే వేళకి అక్కడ ఉందాం. నువ్వు ఔనంటేనే. అమ్మ మాట తీసుకున్నది నీ దగ్గర కాబట్టి, చివరి మాట నీదే.

నువ్వు ఔనంటే, కౌంటరు ముందు నిలబడ్డాక జాడీ ఒక్క నిమిషం నా చేతికి ఇవ్వు. సన్యాసి ఎదురు చూస్తే చూడనీ, వెనక మనుషులు విసుక్కుంటే విసుక్కోనీ. పెద్దగానే చెప్తాను.

నాన్న ఇక్కడ లేడమ్మా.

అక్క
కియోనో