కొత్త పొయ్యి మీద మేకపాలు

ఉమ్ అల్ క్వైన్,
12 మార్చి 1981, గురువారం.

పెద్దవాడైన పోశన్నకు కావలి ఇమామ్ హుస్సేన్ వేయి సలాములు చేసి రాయునది. పైవాడి దయవల్ల ఇక్కడ మన రూములో అందరం తిండికి, పనికి లోటు లేకుండా ఉన్నాం. అక్కడ నువ్వు, గౌరవ్వ వదినె, పిల్లలు కులాసాగా ఉండాలని నా దువా.

నీ ఉత్తరం మంగళవారం అందింది. మన క్యాంపు హన్మాండ్లు మొహం నీ పాల వల్లే కాలిందని వాళ్ళమ్మ సాయవ్వ ఊరంతా చెబుతోందనీ, నీళ్ళ దగ్గర వదినె కనిపిస్తే బిందె ఎత్తుకుని వెళ్ళిపోతోందనీ రాయించావు. ఆ పొయ్యి బిగించినోడివి నువ్వే గదా తమ్మీ, నా తప్పు ఉన్నదో లేదో నీకే ఎరుక, ఉన్నదున్నట్టు రాయి అని అడిగావు. సరే, రాస్తాను. విన్నాక నన్ను తిట్టుకోకు, అంతే. నువ్వెలాగూ సాయవ్వకు చదివించి వినిపిస్తావు గనుక మొదటి నుంచీ చెబుతాను.

ఆ పొయ్యి విలాయతీ నుంచి ఓడలో వచ్చింది. పైన రెండు ఇనుప పెనాలు, కింద వంట అరలు, పక్కనే నీళ్ళు కాచే బాయిలర్. కట్టెలక్కర్లేదు, గ్యాస్ బండ అక్కర్లేదు. గోడ అవతలి పీపాలోంచి డీజిల్ సన్న గొట్టంలో వచ్చి, బర్నర్ దగ్గర తుంపరగా చిమ్మి మండుతుంది. మూడు వందల మంది క్యాంపుకి అదే బువ్వ, అదే వేన్నీళ్ళు. తొమ్మిది రోజులు ఒళ్ళు హూనం చేసుకుని బిగించాను. పొగగొట్టం కోసం రేకు కోస్తుంటే అరచేయి తెగింది, కట్టు కట్టింది నువ్వే.

జనవరి పదహారు, శుక్రవారం మధ్యాహ్నం కంపెనీ యజమాని కఫీల్ క్యాంపు చూడటానికి వస్తున్నాడనీ, ఆయన ముందు కొత్త పొయ్యి మీదే వండాలనీ మన మేనేజరు ముదీర్ హుకుం వేశాడు. వెలగకపోతే నీ పాస్‌పోర్టు నీ చేతిలో పెడతా, యల్లా, ఇంటికెళ్ళు అని నా మొహం మీదే అన్నాడు. పొద్దున ఏడింటి నుంచి వాచీ చూసుకుంటూ వంటింట్లోనే కూర్చున్నాడు మహానుభావుడు. నా చెమట బూట్లలోకి కారింది.

పదింటికి మంట పట్టింది. అప్పుడు తయారయ్యావు నువ్వు, గిన్నె పట్టుకుని! పాలు పొంగియ్యకుండ కొత్త పొయ్యి మీద బువ్వ ఎట్ల వండుతరు అని అడ్డం నిలబడ్డావు. పొడిపాలతో ఏం పొంగిస్తావన్నా అని నేను ఎగతాళి చేశాను. నువ్వు అప్పటికే ఎడారిలో మేకలు కాసే ఒక బదూ ఇంటికి పోయి మేకపాలు అడిగి తెచ్చుకున్నావు. ముదీర్ కూడా నవ్వి, కానీ, త్వరగా కానీ అన్నాడు. పాలు పొంగాయి, అందరూ చప్పట్లు కొట్టారు. నీ మొహం అంత వెలిగిపోవడం దుబాయ్ వచ్చాక నేనెప్పుడూ చూడలేదు.

ఆ పొంగిన పాలే కొంప ముంచాయన్నా. మంట అంటుకుందో లేదో కనిపెట్టే గాజు బిళ్ళ ఒకటి బర్నర్‌లో ఉంటుంది. పాలు పెనం అంచు నుంచి కిందికి దిగి దాన్ని తడిపేశాయి. బర్నర్ ఆగిపోయింది. నేను మళ్ళీ వెలిగించడానికి ఎర్ర బటన్ నొక్కాను. అప్పుడే హన్మాండ్లు కారిన పాలు తుడుద్దామని గుడ్డ పట్టుకుని పొయ్యి తలుపు ముందు వంగాడు. ఢామ్మని పేలింది. తలుపు ఊడొచ్చి మంట వాడి మొహాన్ని కమ్మేసింది. ఆ కేక ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది.

ముదీర్ ఏమైందని అడిగితే పాలు అన్నాను. ఖలాస్, ఇక వాడి పని అయిపోయింది అన్నాడు, వారంలో నిన్ను విమానం ఎక్కించేశాడు. నీ మీద నాకేం పగ అన్నా? అడిగితే చెప్పాను. నువ్వేమీ కావాలని చేయలేదు. ఆచారం అనుకున్నావు, మిషను ఒప్పుకోలేదు. సాయవ్వకు అలాగే నచ్చజెప్పు. కొన్నాళ్ళకు ఆమే మెత్తబడుతుంది.

హన్మాండ్లు ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నాడు. ప్రాణానికి భయం లేదు. పెద్దవాళ్ళకు నా సలాములు చెప్పు, పిల్లలకు ముద్దులు.

ఇట్లు,
నీ తమ్ముడి వంటివాడు,
ఇమామ్ హుస్సేన్

తా.క. 15 మార్చి, ఆదివారం.

అన్నా, పై కాగితాన్ని కవరులో పెట్టి అంటించి, మూడు రోజులు జేబులో వేసుకుని తిరిగాను. పోస్టు డబ్బా దాకా రెండుసార్లు పోయి వచ్చాను. నా వల్ల కాలేదు.

నేను రాసింది అబద్ధం. నీ పాలు లోపలికి చుక్క కూడా దిగలేదు. మర్నాడు నేనొక్కణ్ణే బర్నర్ విప్పి చూశాను. గాజు బిళ్ళ మీద మసి తప్ప తడి లేదు. పాలన్నీ పైన పెనం మీదే మాడి అట్టకట్టాయి. అసలు జరిగింది వేరు. డీజిల్ గొట్టంలో గాలి ఉండిపోయింది. ముదీర్ వాచీ చూస్తుంటే తొందరపడి దాన్ని పూర్తిగా తీయలేదు. అందుకే మొదట మంట పట్టలేదు, పట్టినా నిలవలేదు. ఎర్ర బటన్ ఒకసారి నొక్కాక మంట రాకపోతే ఆగాలి, తలుపు తీసి లోపల చేరిన డీజిల్ తుడవాలి. పని నేర్చుకున్న మొదటి నెలలోనే నాకీ సంగతి తెలుసు. నువ్వు పాలు తెచ్చేలోపు నాలుగుసార్లు, మంట ఆరాక మూడుసార్లు నొక్కాను. ఒక్కసారీ తుడవలేదు. నొక్కినప్పుడల్లా చేరిన డీజిల్ ఆ వేడికి ఆవిరై, ఒక్కసారిగా అంటుకుంది.

నిన్న ఆసుపత్రికి వెళ్ళి హన్మాండ్లుకు అంతా చెప్పాను. గోడ వైపు తిరిగాడు. ఒక్కటే అడిగాడు. పోశన్న దవఖానకొచ్చి నా కాళ్ళు వట్టుకొని ఏడుస్తుంటే నువ్వు పక్కన్నే నిలవడి ఉంటివి గద, అప్పుడెందుకు నోరు తెరువలే అన్నాడు.

ఈరోజు పొద్దున ముదీర్‌కూ చెప్పేశాను. నా పాస్‌పోర్టు నా చేతిలో పెట్టాడు. పోశన్నను మళ్ళీ పిలిపించండి సాబ్ అని బతిమాలాను, వినిపించుకోలేదు. రేపు ఊరికి బయలుదేరుతున్న మీ ఆర్మూరు మనిషి చేతికి ఈ కవరు ఇస్తున్నాను.

మొదటి కాగితం చింపెయ్యి. ఇది మాత్రం సాయవ్వ వాకిట్లో నలుగురినీ పిలిచి గట్టిగా చదివించు. అమ్మా సాయవ్వా, నీ కొడుకు మొహం కాల్చింది పోశన్న పాలు కాదు, నా చెయ్యి. వచ్చేవారం బొంబాయిలో దిగి, కావలికి పోకుండా ముందు మీ ఊరికే వస్తున్నాను. నువ్వు పోశన్నను అన్న మాటలన్నీ అప్పుడు నన్ను అను.